బొమ్మ ఎందుకు కిందికి జారింది?

విద్యార్థులారా! తెలుగు వికీపీడియా పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞానసర్వస్వాన్ని ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. దాని పదేళ్ల పండుగ 2014 ఫిబ్రవరిలో మన విజయవాడలోనే జరిగింది. అందులో బొమ్మలు పెట్టడం కొత్తగా నేర్చుకున్నవారిని తికమకపెట్టే ఒక సంగతిని ఈ నెల పరిశీలిద్దాం.

ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ప్రకాశం బ్యారేజి మీద నాలుగు పేరాలు రాసిందనుకోండి. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్ట చిత్రాన్ని పేజీలో ఎడమ పక్కన, 1957లో పూర్తయిన బ్యారేజి ఫొటోను కుడి పక్కన పెట్టింది. "ఎడమవైపు ఉన్నది పాత ఆనకట్ట, కుడివైపు ఉన్నది నేటి బ్యారేజి" అని రాసింది. పక్కనే చెప్పాను కదా అని బొమ్మల కింద పేర్లు రాయలేదు. తెర మీద రెండూ ఎదురెదురుగా ముచ్చటగా కుదిరాయి. లాగిన్ నుంచి బయటికి వచ్చి అదే కంప్యూటరులో అదే పేజీ తెరిచింది. ఎడమ బొమ్మ ఉన్నచోటే ఉంది. కుడి బొమ్మ మాత్రం కిందికి జారి, కృష్ణ మీది రైలు వంతెన గురించి రాసిన పేరా పక్కన కూర్చుంది! ఇప్పుడు ఎవరైనా ఆరో తరగతి పిల్లవాడు ప్రాజెక్టు కోసం ఆ పేజీ చూస్తే బ్యారేజి బొమ్మ కింద "రైలు వంతెన" అని రాసుకుపోతాడు. వికీపీడియా చదివేవారిలో ఎక్కువమంది లాగిన్ కానివారే. అంటే ఆ అమ్మాయికి ముచ్చటగా కనబడిన పేజీని చూసేవారు బహుకొద్దిమంది.

పేజీ ఒకటే, కంప్యూటరూ ఒకటే. మరి తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు లాగిన్ అంటే ఏమిటో చూద్దాం. మనం పేజీ అడిగిన ప్రతిసారీ అవతలి కంప్యూటరుకు మనం కొత్తవాళ్లమే. మీరు రోజూ ఎక్కే బస్సులో కండక్టరు మీ ముఖాన్ని కాదు, పాసును చూస్తాడు గదా! అలాగే లాగిన్ కాగానే అవతలి కంప్యూటరు మన బ్రౌజరుకు ఒక చీటీ ఇస్తుంది. దాన్ని కుకీ అంటారు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు ఈ ఏర్పాటు చేశాడు. అప్పటి నుంచి మనం పేజీ అడిగిన ప్రతిసారీ బ్రౌజరు ఆ చీటీని చూపిస్తుంది. చీటీ చూడగానే మన ఖాతాలో దాచిపెట్టిన "అభిరుచులు" కూడా బయటికి వస్తాయి. బొమ్మలు ఎంత వెడల్పుండాలి, పేజీకి ఏ రూపం కావాలి, ఏయే అదనపు ఉపకరణాలు పనిచేయాలి అన్నవన్నీ అందులోనే ఉంటాయి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. వికీపీడియా వ్యాసంలో బొమ్మ పెట్టేటప్పుడు సాధారణంగా దాని వెడల్పు రాయము. "ఇక్కడ ఒక చిన్నబొమ్మ" అని మాత్రమే రాస్తాము. వెడల్పు ఎంతో పేజీ తయారయ్యేటప్పుడు నిర్ణయమవుతుంది. మన అమ్మాయి ఎప్పుడో అభిరుచుల్లో 180 పిక్సెళ్లు ఎంచుకుని మరచిపోయిందనుకుందాం. లాగిన్ కానివారికి 250 అనుకుందాం. ఆమె తెర మీద వ్యాసానికి దొరికే వెడల్పు 480 అనుకుందాం. ఇక కూడికలు మీరే చేయండి. 180, 180 కలిస్తే 360. నడుమ 120 పిక్సెళ్లు మిగులుతాయి. 250, 250 కలిస్తే 500. చోటు చాలదు. ఎడమ బొమ్మ ముందే చోటు పట్టుకున్నది కనుక, రెండోది దాని కిందికి దిగి కుడి అంచుకు చేరుతుంది.

నమ్మకం కుదరకపోతే కాగితం మీద చేసి చూడండి. 12 సెంటీమీటర్ల వెడల్పున ఒక కాగితం కత్తిరించండి. 4.5 సెంటీమీటర్ల వెడల్పుగల అట్టముక్కలు రెండు తీసుకుని ఒకదాన్ని ఎడమ అంచుకు, రెండోదాన్ని కుడి అంచుకు ఆనించండి. హాయిగా పడతాయి. ఇప్పుడు 6.25 సెంటీమీటర్ల ముక్కలతో ప్రయత్నించండి. ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా పక్కపక్కన పెట్టగలరేమో చూడండి!

కారణం ఎప్పుడూ ఇదేనా? కాదు. లాగిన్ కానివారికి వికీపీడియా సాధారణంగా పేజీని కొత్తగా తయారుచేసి ఇవ్వదు. ముందే తయారై నిలవ ఉన్న ప్రతిని ఇస్తుంది. ఆసియా పాఠకులకు దగ్గరగా ఉండాలని 2018లో సింగపూరులో ఇటువంటి నిలవ కేంద్రం ఒకటి పెట్టారు. డెల్టాలో పుట్టినవారికి దీన్ని వివరించడం సులువు. వేసవిలో కాలువలు కట్టేస్తారని దివిసీమ పల్లెల్లో మంచినీటి చెరువులు ముందుగా నింపుకుంటారు. బిందెలోకి వచ్చేది చెరువు నింపిన నాటి నీరే గాని, ఈ రోజు బ్యారేజి దగ్గర పారే నీరు కాదు. నిలవ పేజీ కూడా అంతే. వ్యాసం మార్చగానే పాత ప్రతిని పారేయమని కబురు వెళ్తుంది, మామూలుగా క్షణాల్లో పని జరిగిపోతుంది. కాని అనేక వ్యాసాల్లో వాడే "మూస" ఒకటి మారితే, ఆ మార్పు అన్ని పేజీలకూ పాకడానికి కొంత సమయం పట్టవచ్చు. అంతవరకు లాగిన్ కానివారికి పాత అమరికే కనబడుతుంది.

మరి ఏ కారణమో తేల్చడమెలా? ఉన్నవన్నీ ఒక్కసారిగా మార్చేసి "బాగైపోయింది" అనేవారున్నారు. ఏది మార్చినందువల్ల బాగయిందో వారికి ఎప్పటికీ తెలియదు. లోలకం ప్రయోగంలో దారం పొడవు, గుండు బరువు ఒకేసారి మారుస్తామా?

మామూలు కిటికీలో లాగిన్ అయి, పక్కనే బ్రౌజరులోని ప్రైవేటు కిటికీలో అదే పేజీ తెరవండి. ప్రైవేటు కిటికీకి మీ చీటీ తెలియదు. రెండు కిటికీల వెడల్పూ, అక్షరాల పెంపూ సమానంగా ఉండాలి. దీన్ని చాలామంది మరచిపోయి గంటలు వృథా చేసుకుంటారు. తరువాత పేజీ చిరునామాకు "పర్జ్" అనే ఆదేశం చేర్చి నిలవ ప్రతిని తీసివేయించండి. దానితో తేడా పోతే దోషం నిలవదే. పోకపోతే అభిరుచుల్లో బొమ్మల వెడల్పు ఒక్కదాన్నే మొదటి స్థితికి తెచ్చి చూడండి. అప్పటికీ తేడా ఉంటే పేజీ రూపం, ఆ తరువాత ఉపకరణాలు ఒక్కొక్కటిగా. ప్రతి మార్పుకూ ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాసుకోండి.

కారణం దొరికాక దిద్దుబాటు ఎలా? రెండు బొమ్మలకూ 180 అని వ్యాసంలోనే బిగించేస్తే అందరికీ ఒకేలా కనబడతాయి, నిజమే. నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చదు. చూపు మందగించి పెద్ద బొమ్మలు ఎంచుకున్న తాతగారికి కూడా చిన్న బొమ్మే అంటగట్టినట్లవుతుంది. రెంటినీ ఒకే గ్యాలరీలో పెట్టి, ఒక్కొక్కదాని కింద "పాత ఆనకట్ట", "ప్రకాశం బ్యారేజి" అని పేరు రాస్తే సరిపోతుంది. అవి పక్కపక్కన పడినా, ఒకదాని కింద ఒకటి పడినా పేర్లు వాటితోనే ఉంటాయి. వ్యాసంలోని "ఎడమవైపు", "కుడివైపు" అన్న మాటలు కొట్టివేయండి. ఫోను తెర మీద బొమ్మలు ఎలాగూ ఒకదాని కింద ఒకటే వస్తాయి.