పేగుపూత: సిగ్గుపడి దాచుకునే జబ్బు కాదు

మా ఉచిత వైద్య శిబిరాలకు వచ్చే యువకుల్లో కొందరు అందరూ వెళ్ళేదాకా ఆగి, చివరన గొంతు తగ్గించి చెబుతారు. విరేచనంలో రక్తం పడుతోందని, మొలలనుకుని నెలల తరబడి పసరు మందు మింగుతున్నామని. పరీక్ష చేయిస్తే కొందరికి అది మొలలు కాదు, పేగుపూత అని తేలుతుంది. సిగ్గు వల్ల ఎవరూ అలా కాలం పోగొట్టుకోకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారితప్పి పేగు మీదే దాడి చేయడం వల్ల లోపలి పొర వాచి పుండ్లు పడతాయి. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకు వస్తుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. 1932లో దానిని వివరించిన వైద్యుల్లో ఒకరైన బరిల్ క్రోన్ పేరే దానికి నిలిచింది. ఇది అంటువ్యాధి కాదు. ఒకే పళ్ళెంలో తిన్నా అంటదు. పేగు క్షయ కూడా ఇలాగే కనిపిస్తుంది కనుక కొలనోస్కోపీ, ముక్క పరీక్షలతో ఏదో తేల్చుకోవాలి.

మందులు జబ్బును అదుపులో ఉంచుతాయి, వేరుతో తీసివేయవు. తగ్గిందని మాత్రలు మానేస్తే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపడం మరీ ప్రమాదం. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి సొంతంగా కొని వేసుకోవద్దు. క్రోన్స్ ఉన్నవారు సిగరెట్టు, బీడీ మానాలి.

జబ్బు రేగినప్పుడు మెత్తటి అన్నం, గంజి, ఇడ్లీ, అరటిపండు వంటివి కొద్దికొద్దిగా తినాలి. కారం, వేపుళ్ళు, పచ్చి కూరలు తగ్గించాలి. నీళ్ళు, ఓఆర్ఎస్ తాగాలి. తగ్గాక భయంతో కడుపు మాడ్చుకోవద్దు. ఏది పడదో ఒక పుస్తకంలో రాసుకుంటే అనవసరమైన పథ్యాలు తప్పుతాయి.

రంజాన్‌కు నెల ముందే డాక్టరును కలవండి. జబ్బు అదుపులో ఉంటే సహరీ, ఇఫ్తార్ వేళలకు మాత్రలు సర్దవచ్చేమో ఆయన చెబుతారు. రక్తం పడుతున్నప్పుడు రోజా పట్టుదలకు పోవద్దు. రోగికి షరీఅత్ సడలింపు ఇచ్చింది. ఖజా చేయాలా, ఫిద్యా ఇవ్వాలా అన్నది ఆలింను అడిగి తెలుసుకోవచ్చు.

ఇంట్లోవారికి ఒక విన్నపం. "మళ్ళీ బాత్రూమేనా?" అని పిల్లల ముందు అనకండి. ప్రయాణంలో మరుగుదొడ్డి ఉన్న చోట బండి ఆపండి. పెళ్ళి దావత్‌లో బిర్యానీ వద్దంటే బలవంతం చేయకండి. రక్తం ఎక్కువగా పోయినా, జ్వరంతో కడుపు ఉబ్బినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పెద్దపేగుకు జబ్బు వచ్చి ఎనిమిదేళ్ళు దాటితే క్యాన్సర్ రాకుండా చూసుకునేందుకు కొలనోస్కోపీ ఎప్పుడెప్పుడు చేయించాలో డాక్టరును అడగాలి. జబ్బు అదుపులో ఉంటే చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు ఏదీ ఆగిపోనక్కరలేదు. మా శిబిరానికి వచ్చినప్పుడు చివరిదాకా ఆగకండి, ముందే చెప్పండి.