సంతృప్తియే శ్రేయస్సా?

"నీవు సుఖంగా ఉన్నావా?" అని ఒక వ్యక్తిని ప్రశ్నించి, అతడిచ్చే సమాధానాన్ని బట్టి అతని శ్రేయస్సును నిర్ణయించవచ్చునా? పైకి సామాన్యంగా తోచే ఈ ప్రశ్న నీతిశాస్త్రంలో చాలా లోతైనది. తృప్తిని మించిన సంపద లేదని మన పెద్దలు చెబుతారు. కాని తృప్తి రెండు విధాలు. కావలసినంత లభించిన తరువాత ఇక చాలుననుకోవడం ఒకటి. ఎన్నటికీ లభించదని ఎరిగి, కోరడమే మానుకోవడం మరొకటి. ఈ భేదాన్ని విపులంగా చర్చించిన తత్త్వవేత్తలలో మార్తా నస్‌బామ్ ముఖ్యులు.

ఆమె 1947లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. గ్రీకు తత్త్వశాస్త్రాన్ని, ప్రత్యేకించి అరిస్టాటిల్ నీతిశాస్త్రాన్ని అధ్యయనం చేశారు. 1986 నుండి కొన్నేళ్లపాటు, హెల్సింకీలోని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయ పరిశోధన సంస్థలో ఆర్థికవేత్త అమర్త్య సేన్‌తో కలిసి పనిచేశారు. 1995లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు.

వ్యక్తి చెప్పే మాట ఒక్కటే ప్రమాణం కాజాలదనడానికి సేన్ ఒక నిదర్శనం చూపారు. 1943 నాటి బెంగాల్ కరవు తరువాత, 1944లో కలకత్తా సమీపాన గల సింగూరులో ఆరోగ్య సర్వే జరిగింది. భార్యను కోల్పోయిన పురుషులలో 48.5 శాతం మంది తమ ఆరోగ్యం బాగాలేదనో, అంతంతమాత్రమనో చెప్పారు. వితంతువులలో అలా చెప్పినవారు 2.5 శాతం మాత్రమే! నాటి సమాజంలో వితంతువులకు తిండి, వైద్యం పురుషులకన్న మెరుగుగా అందాయని ఎవరూ అనలేరు. తమ బాధను బాధగా చెప్పుకొనే అలవాటే వారికి లేకపోయింది.

ఇటువంటి స్థితినే నస్‌బామ్ మన ప్రాంతంలోనూ గమనించారు. నాటి ఆంధ్రప్రదేశ్‌లో, నేటి తెలంగాణలో ఉన్న మహబూబ్‌నగర్ పరిసరాలలోని మెట్ట ప్రాంతపు స్త్రీలతో ఆమె మాట్లాడారు. వారికి చాలినంత పోషకాహారం లేదు. ఊరికి నమ్మదగిన మంచినీటి వసతి లేదు. అయినప్పటికీ ప్రభుత్వ చైతన్య కార్యక్రమం రాక పూర్వం, అది అన్యాయమన్న భావమే వారిలో కలగలేదు. తరువాత వారు మంచినీరు, విద్యుత్తు, ఆరోగ్య కార్యకర్త కావాలని అధికారులను అడగసాగారు. వారిలో అసంతృప్తి పెరిగింది. దానితోపాటు వారి జీవితం మెరుగుపడే మార్గమూ తెరుచుకొంది. 2000లో వెలువడిన గ్రంథంలో నస్‌బామ్ ఈ విషయాన్ని వివరించారు.

అయితే శ్రేయస్సును దేనితో కొలవాలి? దేశ సంపదను జనసంఖ్యతో భాగించి చూపే సగటు, ఎవరికెంత దక్కిందో తెలుపదు. అందువల్ల "ఈ మనిషి ఏమి చేయగలడు, ఎలా జీవించగలడు?" అని అడగాలని సేన్, నస్‌బామ్‌లు సూచించారు. దీనినే సామర్థ్య దృక్పథం అంటారు. ఆయుర్దాయం, ఆరోగ్యం, దేహరక్షణ, ఆలోచనాశక్తి, వివేచన, తోటివారితో గౌరవంగా మెలగడం, ఆటపాటలు మొదలైన పది ప్రధాన సామర్థ్యాలను నస్‌బామ్ పేర్కొన్నారు. గౌరవప్రదమైన జీవితానికి ఇవన్నీ కనీస అవసరాలని, ఒకదాని లోటును మరొకదానితో పూడ్చలేమని ఆమె వాదన.

ఇతరులకు ఏది మంచిదో నిర్ణయించడానికి మనమెవరమన్న ఆక్షేపణ ఇక్కడ తలెత్తుతుంది. అది తోసిపుచ్చదగినది కాదు. దానికి సమాధానం ఉపవాసానికీ, పస్తుకూ గల తేడాలో ఉంది. రెండింటిలోనూ కడుపు ఖాళీయే. కాని ఉపవాసి తినగలిగి మానుకొన్నాడు. పస్తున్నవానికి ఆ అవకాశమే లేదు. సమాజం అవకాశాన్ని కల్పించాలి; దానిని వినియోగించుకోవడమో, మానుకోవడమో వ్యక్తి ఇష్టం.

కాబట్టి సంతృప్తి సద్గుణమే గాని, అది ఎంచుకోగలిగినవానికి శోభిస్తుంది. ఎదుటివాని మౌనాన్ని చూసి అతనికి ఏ లోటూ లేదని భావించడం సులభం. అతనికి అడిగే వీలుందా అని విచారించడమే నీతి.

ప్రశ్నలు
1. తృప్తి రెండు విధాలని రచయిత ఎట్లు వివరించారు?
2. సింగూరు సర్వే వలన తెలిసే సత్యమేమి?
3. ఉపవాసం, పస్తు అనే ఉదాహరణలోని అంతరార్థాన్ని మీ మాటలలో రాయండి.