దున్నదూడ ఆకలికీ చట్టముంది

ప్రశ్న: మా ఇంటి వెనక స్థలంలో ఒకాయన పదిహేను గేదెలతో డెయిరీ నడుపుతున్నాడు. పెయ్యదూడ పుడితే బాగానే చూసుకుంటారు. దున్నదూడ పుడితే మాత్రం చేపు కోసం ఒక్క నిమిషం పొదుగు దగ్గరికి వదిలి, లాగేసి, ఎండలో గుంజకు కట్టేస్తారు. మూతికి చిక్కం. డొక్కలు ఎండిపోయి వారం పది రోజుల్లో చచ్చిపోతున్నాయి. దూడ పోయాక గేదె చేపకపోతే పాలు పిండే ముందు ఏదో సూది వేస్తున్నారు. అడిగితే "మగదూడకు పాలు వదిలితే నాకేం మిగులుతుందమ్మా? నా గొడ్డు, నా ఇష్టం" అన్నాడు. నేను ఫిర్యాదు చేయొచ్చా? నాకేమైనా చిక్కులొస్తాయా?

జవాబు: చేయొచ్చు. "నా గొడ్డు, నా ఇష్టం" అనే వాదన 1960లోనే చెల్లకుండా పోయింది. ఆ ఏడాది పార్లమెంటు చేసిన జంతు హింస నివారణ చట్టంలో 3వ సెక్షన్ చాలా చిన్నది. పశువు ఎవరి సంరక్షణలో ఉందో, దాని బాగోగులు చూడటం, అనవసరమైన బాధ కలగకుండా కాపాడటం వాళ్ల విధి అంటుంది. పాలిచ్చే పశువని, ఇవ్వని పశువని అందులో తేడా లేదు. పెయ్య అని, దున్న అని అంతకన్నా లేదు.

11వ సెక్షన్ ఇంకాస్త సూటిగా మాట్లాడుతుంది. యజమాని అయి ఉండి చాలినంత మేత, నీరు, నీడ ఇవ్వకపోతే క్రూరత్వమే. మరీ పొట్టి పలుపుతోనో, బరువైన గొలుసుతోనో అదే పనిగా కట్టేసినా అంతే. ఆకలిదప్పులతో అల్లాడేలా ఎక్కడో వదిలేసి వచ్చినా అంతే. "నేను కాదండీ, పాలేరు కట్టాడు" అని తప్పించుకోవడానికీ దారి లేదు. తగిన జాగ్రత్త, పర్యవేక్షణ చూపని యజమాని కూడా నేరం చేసినట్టే లెక్క. 2014 మే 7న జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ రెండు సెక్షన్లనూ కలిపి చదివి, ఆకలి దప్పుల నుంచి విముక్తి పశువుకు దక్కాల్సిన వాటిలో మొదటిదని చెప్పింది. జల్లికట్టు సంగతి ఆ తర్వాత వేరే మలుపు తిరిగింది గానీ, దూడకు పాలు వదలక్కర్లేదని ఏ కోర్టూ అనలేదు.

"చాలినంత" అంటే ఎంత? చట్టంలో లీటర్ల లెక్క లేదు. ఆ లెక్క పశువైద్యుడు చెప్పాలి, కేసు నిలబడేదీ అక్కడే. పుట్టిన గంట రెండు గంటల్లోపే దూడకు జున్నుపాలు తాగించాలనీ, మొదటి రోజు దాని బరువులో పదోవంతు పట్టాలనీ వైద్యులు చెబుతారు. ముప్ఫై కిలోల దూడకు మూడు లీటర్లన్నమాట. రోగాలను అడ్డుకునే శక్తి దానికి ఆ పాలతోనే అందుతుంది. ఇరవై నాలుగు గంటలు దాటితే ఆ శక్తిని ఒంట పట్టించుకునే గుణం దూడ పేగులకు ఉండదు. జున్నంటే నాకూ ప్రాణమే. అయినా ఇరుగుపొరుగుకు గిన్నెలు పంపే ముందు దూడ వంతు తీశారా అని ఇప్పుడిప్పుడే అడగడం అలవాటు చేసుకుంటున్నాను.

ఇక శిక్ష. ఇది చదివి మీరు నవ్వినా తప్పులేదు. మొదటిసారి నేరానికి పది నుంచి యాభై రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే ఇరవై ఐదు నుంచి వంద రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 1960 నాటి యాభై రూపాయలు ఇప్పటికీ యాభైగానే ఉన్నాయి. పెంచుతామంటూ 2022 నవంబరులో కేంద్రం ఒక ముసాయిదాను జనం ముందు పెట్టింది. ముసాయిదాతో ఎవరికీ జరిమానా వేయలేరు కదా!

అందుకే జరిమానా మీద కాకుండా మిగతా రెండు చోట్ల దృష్టి పెట్టమంటాను. ఒకటి 29వ సెక్షన్. నేరం రుజువైతే, పశువు అక్కడే ఉంటే మళ్లీ హింస తప్పదని కోర్టుకు అనిపిస్తే, యజమాని నుంచి దాన్ని తీసేసుకోవచ్చు. కొంతకాలం పశువులే పెట్టుకోకూడదని ఆదేశించవచ్చు. డెయిరీ వాడికి యాభై రూపాయలకన్నా ఈ మాట గట్టిగా తగులుతుంది.

రెండోది మీరు చివర్లో రాసిన సూది. పాలు ఎక్కువ రావాలని గేదె ఆరోగ్యానికి హాని చేసే ఏ మందు ఎక్కించినా 12వ సెక్షన్ కిందికొస్తుంది. వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ. పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. ఈ నేరానికి పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు. ఎస్సై స్థాయికి తగ్గని అధికారి కొట్టంలోకి వెళ్లి, గేదెను పశువైద్యుడి పరీక్షకు తీసుకెళ్లొచ్చు. సాధారణంగా ఈ పనికి వాడేది ఆక్సిటోసిన్. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందు అది. ఖాళీ సీసా కంటపడితే ఫొటో తీయండి. అయితే మీ గోడ ఇవతలి నుంచో, రోడ్డు మీద నుంచో తీయండి. కొట్టంలోకి చొరబడితే కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

దూడను ఆకలితో మాడ్చినందుకు మాత్రం పోలీసులు వెంటనే ఎఫ్ఐఆర్ కట్టరు. మీరు చెప్పింది పుస్తకంలో రాసుకుని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమంటారు. అది మిమ్మల్ని వదిలించుకోవడం కాదు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ చెప్పే పద్ధతే. అదే సంహిత 223 కింద మీరే మేజిస్ట్రేటుకు ఫిర్యాదు పెట్టుకోవచ్చు. లాయరు ఖర్చుకు భయపడకండి. ఆదాయం ఎంతైనా సరే, 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. మీ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

అంతకన్నా ముందు, దూడ బతికుండగానే 1962కు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం వస్తుంది. డాక్టరు రాసిన కాగితమే రేపు మీ సాక్ష్యం. దూడ చనిపోయి ఉంటే ప్రభుత్వ పశువైద్యుడితో పోస్టుమార్టం అడగండి. మీది లక్ష జనాభా దాటిన పట్టణమైతే ఇంకో ప్రశ్న కూడా వేయండి. లాభం కోసం ఐదు లేదా అంతకన్నా ఎక్కువ పశువులను పెట్టుకునే కొట్టానికి 1978 నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. పదిహేను గేదెల ఆయన దగ్గర ఆ కాగితం ఉందా?

కొట్టంలోకి చొరబడటం కాకుండా మీకొచ్చే చిక్కు ఇంకొక్కటే కనిపిస్తోంది. ఆయన పేరు, ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పరువునష్టం కేసు వేసే అవకాశం ఆయన చేతికి మీరే ఇచ్చినట్టవుతుంది.

ఫిర్యాదుకు ముందు ఆయనతో ఇంకోసారి మాట్లాడండి, ఈసారి లెక్కలతో. ట్రాక్టరు వచ్చాక దున్నపోతుకు పని లేకుండా పోయిన మాట నిజమే, ఆయన నష్టం అబద్ధం కాదు. కానీ దాదాపు పదింట తొమ్మిది పెయ్యదూడలే పుట్టే వీర్యం ఇప్పుడు దొరుకుతోంది. పశుసంవర్ధక శాఖ వాళ్లను అడిగితే చెబుతారు. "సరే, కబేళాకు ఇచ్చేస్తా" అంటే అదీ కుదరదు. మూడు నెలలు నిండని ఏ పశువునూ వధించకూడదని 2001 కబేళా నిబంధనలు చెబుతున్నాయి.

వినకపోతే ఇవాళ్టి తేదీ రాసి పెట్టుకోండి. ఈ చట్టం కింద కేసు పెట్టడానికి నేరం జరిగిన రోజు నుంచి మూడు నెలలే గడువు. కిందటి వేసవిలో పోయిన దూడల గురించి ఇప్పుడు చేసేదేమీ లేదు. ఇప్పుడు గుంజకు కట్టి ఉన్నదాని గురించి మాత్రం చేయొచ్చు.