రాబర్ట్ ప్లాంట్: ఒక గాయకుని ఋణములు

రాక్ సంగీతమనగా వట్టి కేకలని తలచువారు విద్యార్థులలోనే కాదు, మా అధ్యాపకులలోను కలరు. అట్టివారు ఆంగ్ల గాయకుడు రాబర్ట్ ప్లాంట్ చరిత్రను పరిశీలింపవలెను. 1948లో జన్మించిన ఈయన 1968లో లెడ్ జెప్పెలిన్ బృందమున చేరి, 1980లో డ్రమ్ముల వాద్యకారుడు జాన్ బోనమ్ మరణముతో అది ముగియువరకు దానికి గొంతుకయై నిలిచినాడు.

ఆ గొంతుకకు మూలము అమెరికా నల్లజాతివారి బ్లూస్ గానము. 1969 నాటి 'హోల్ లాటా లవ్'లో విల్లీ డిక్సన్ పూర్వపు పాటలోని పదములున్నవి. ఆయన పేరు మాత్రము లేదు. 1985లో డిక్సన్ దావా వేయగా 1987లో రాజీ కుదిరినది. పిదప గాని ఆయన పేరు రచయితల సరసన చేరలేదు. మూలకర్త పేరు చెప్పని అభిమానమును అభిమానమనుటకు నాకు మనసొప్పదు.

తరువాతి ప్లాంట్ వేరు. 1975లో వెలువడిన 'కాశ్మీర్' పాట ఊహ మొరాకో ఎడారి బాటలో పుట్టినది. అప్పటికాయన కాశ్మీరమును చూడనేలేదు! 1994లో పాత సహచరుడు జిమ్మీ పేజ్‌తో ఆ మొరాకోకే మరలిపోయి, గ్నావా కళాకారులతో కలిసి పాడినాడు. అదే ఏట 'ది బాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్' పాటను భారతీయ సంతతికి చెందిన గజల్ గాయని నజ్మా అఖ్తర్‌తో పంచుకొన్నాడు. 2007లో అమెరికా గాయని అలిసన్ క్రాస్‌తో చేసిన 'రైజింగ్ శాండ్' 2009లో ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారము పొందినది. అందులో ఆ పాత కేకలు లేవు. ఆమె స్వరమునకు చోటిచ్చుచు, మెల్లగా పాడినాడు.