కుంపటిలో రసాయన చర్య



రసాయన సమీకరణాలంటే మనలో చాలామందికి భయం. బట్టీ పట్టడం, పరీక్షలో రాయడం, మర్నాడు మరిచిపోవడం! నిజానికి సమీకరణం బట్టీ పట్టే సంగతి కాదు, అదొక లెక్క. సంతకు ఎన్ని తీసుకెళ్ళాం, ఎన్ని తెచ్చాం అని చూసుకుంటామే, అలాంటిదే. ఈ లెక్క తెలిస్తే ఒక్కోసారి ప్రాణం కూడా దక్కుతుంది. అదెలాగో మనందరం ఎరిగిన కుంపటి దగ్గరే చూద్దాం.

కట్టెను గొడ్డలితో చీలిస్తే పేళ్ళవుతాయి. పేడు కూడా కట్టే కదా, కొత్త పదార్థం ఏమీ పుట్టలేదు. అది భౌతిక మార్పు. అదే కట్టెను కాల్చామనుకోండి, పొగ, బూడిద, కంటికి కనపడని వాయువులు వస్తాయి. ఇవి కట్టె కాదు, వేరే పదార్థాలు. ఇలా కొత్త పదార్థాలు పుట్టడాన్ని రసాయన చర్య అంటారు. చర్యలోకి దిగేవి క్రియాజనకాలు, చర్య వల్ల వచ్చేవి క్రియాజన్యాలు.

మరి మోపెడు కట్టెలు కాలిస్తే పిడికెడు బూడిదే మిగులుతుంది. మిగతా బరువంతా ఎటు పోయింది? ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లావోయిజర్ (1743–1794) మూతపెట్టిన పాత్రల్లో చర్యలు జరిపి, ముందూ వెనకా తూకం వేసి చూశాడు. బరువు ఏమీ మారలేదు. 1789లో అచ్చయిన తన రసాయనశాస్త్ర గ్రంథంలో ఈ మాట రాశాడు. దీన్నే మనం ద్రవ్యనిత్యత్వ నియమం అని చదువుకుంటున్నాం. కట్టె బరువు మాయం కాలేదు, వాయువుల రూపంలో గాలిలో కలిసింది. సమీకరణానికి రెండు పక్కలా పరమాణువులు సమానంగా ఉండాలని అనేది ఇందుకే.

ఇప్పుడు కుంపటికి వద్దాం. బొగ్గులో ఎక్కువ భాగం కార్బన్. దాని గుర్తు సి. గాలిలోని ఆక్సిజన్ గుర్తు ఓ. ఆక్సిజన్ పరమాణువులు జంటగా తిరుగుతాయి గనుక ఓ₂ అని రాస్తాం. గాలి బాగా ఆడితే:

సి + ఓ₂ → సిఓ₂

లెక్క చూడండి. ఎడమ పక్క ఒక కార్బన్, రెండు ఆక్సిజన్లు. కుడి పక్కా అంతే. సరిపోయింది. వచ్చింది కార్బన్ డయాక్సైడు. దాంతోపాటు వేడి కూడా వస్తుంది, మనకు కావలసింది అదే.

గాలి చాలకపోతే ఏమవుతుంది? కార్బన్‌కు రెండు ఆక్సిజన్లు దొరకవు, ఒక్కదానితోనే సరిపెట్టుకుంటుంది. వచ్చేది సిఓ, అంటే కార్బన్ మోనాక్సైడు.

సి + ఓ₂ → సిఓ

ఇది సరికాదు. ఎడమ పక్క రెండు ఆక్సిజన్లుంటే కుడి పక్క ఒక్కటే ఉంది. కొందరు ఇక్కడ సిఓ కింద 2 చేర్చి చేతులు దులుపుకుంటారు. అలా చేస్తే పదార్థమే మారిపోతుంది! తుల్యం చేసేటప్పుడు కింది అంకెలు ముట్టకూడదు, ముందు అంకెలే మార్చాలి.

2సి + ఓ₂ → 2సిఓ

ఇప్పుడు తూకం. కార్బన్ 12, ఆక్సిజన్ 16. మొదటి చర్యలో 12 గ్రాముల కార్బన్‌కు 32 గ్రాముల ఆక్సిజన్ కావాలి. రెండో చర్యలో అదే 32 గ్రాములకు 24 గ్రాముల కార్బన్ కాలుతుంది. అంటే గాలి తక్కువైనా నిప్పు వెంటనే ఆరిపోదు, తప్పుడు దారిలో కాలుతూనే ఉంటుంది.

ఒక కిలో బొగ్గు అచ్చంగా కార్బనే అనుకుంటే, అది పూర్తిగా కాలడానికి సుమారు రెండు కిలోల ఏడు వందల గ్రాముల ఆక్సిజన్ కావాలి. గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతమే. కనుక పదకొండున్నర కిలోల గాలి కావాలి, అంటే దాదాపు పది ఘనపు మీటర్లు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి 28 ఘనపు మీటర్లే. తలుపులు బిగిస్తే ఆ గాలిలో మూడో వంతు ఒక్క కిలో బొగ్గుకే పోతుంది. ఆ గదిలో మనుషులు కూడా ఊపిరి పీల్చాలి కదా!

కుంపటి మీద సన్నని నీలి మంట ఆడటం మీరు చూసే ఉంటారు. అడుగున పుట్టిన కార్బన్ డయాక్సైడు ఎర్రని బొగ్గుల మధ్య నుంచి పైకి వస్తూ ఇంకో కార్బన్‌ను కలుపుకుంటుంది:

సిఓ₂ + సి → 2సిఓ

పైన గాలి తగిలి ఆ సిఓ కాలితే అదే నీలి మంట. మంట తగ్గి, నిప్పుల మీద బూడిద పట్టాక సిఓ కాలకుండానే గదిలోకి వచ్చేస్తుంది. "పొగ పోయింది, నిప్పులే ఉన్నాయి, ఇంక లోపలికి తెచ్చుకోవచ్చు" అని పెద్దవాళ్ళు కూడా అంటుంటారు. అసలు ప్రమాదం అప్పుడే. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, మగత. నిద్రలో ఉన్నవాడికి ఇవేవీ తెలియవు, మెలకువే రాదు. గదిలో చెంబుడు నీళ్ళు పెడితే చాలనుకోవద్దు. సిఓ నీళ్ళలో దాదాపు కరగదు.

లంబసింగి, చింతపల్లి, పాడేరు వైపు పుష్యమాసం చలి ఎలాంటిదో మనకు తెలుసు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకూ, తాతకూ ఈ సంగతి చెప్పండి. చలి కాచుకోవడం వసారాలోనో, వాకిట్లోనో చేయాలి. పడుకునే ముందు కుంపటి బయట పెట్టేయాలి. ఎవరైనా అలాంటి గదిలో స్పృహ తప్పి ఉంటే ముందు తలుపులు బార్లా తీయండి, మీరు లోపల నిలబడకుండా మనిషిని బయటి గాలిలోకి లాగండి, 108కి ఫోన్ చేయించండి. లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంత చెడ్డ సిఓ ఒక మంచి పనికీ వస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేసి ఇనుమును విడదీసేది ఎక్కువగా ఇదే. ఇనుము గుర్తు ఎఫ్ఇ. కింది సమీకరణాన్ని మీరే తుల్యం చేయండి. కింది అంకెలు ముట్టకండేం!

ఎఫ్ఇ₂ఓ₃ + సిఓ → ఎఫ్ఇ + సిఓ₂

జవాబు వచ్చే సంచికలో.