కలివికోడి కోసం దొరల వెతుకులాట

పేరులో కోడి ఉంది గానీ ఇది కోడి కాదు. కలివి పొదల దగ్గర తిరిగే పిట్ట కాబట్టి కడప జిల్లాలో దీన్ని కలివికోడి అంటారు. పొడవు 27 సెంటీమీటర్లు, అంటే మన పెద్ద స్కేలు కంటే కొంచెం తక్కువ. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, కన్ను పైన తెల్లటి గీత, పొడుగు కాళ్ళు ఉంటాయి.

మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డాన్ దొర ద్వారా 1848లో శాస్త్రవేత్తలకు దీని గురించి మొదట తెలిసింది. అందుకే ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. తర్వాత బ్లాన్‌ఫర్డ్ దొర గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలం వైపు చూశాడు. అంటే మన వైపే! 1900లో క్యాంప్‌బెల్ దొర అనంతపురం దగ్గర చూశాడు. అంతే, ఆ తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనపడలేదు. 1970ల్లో అమెరికా నుంచి డిల్లాన్ రిప్లీ, మన దేశంలో పక్షుల గురించి బాగా తెలిసిన సలీం అలీ వెతికినా దొరకలేదు. ఇక ఈ జాతి లేదనుకున్నారు.

ఇక్కడే నాకు ఒక సందేహం వచ్చింది. "ఎవరూ చూడలేదు" అంటే ఎవరు చూడలేదు? బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఊళ్ళల్లో బొమ్మ చూపించి అడిగితే, జనం కలివికోడి అని పేరు చెప్పారు. పేరు ఉందంటే చూస్తున్నట్టే కదా! 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో ఐతన్న అనే ఆయన రాత్రిపూట టార్చిలైటు వేసి దాన్ని పట్టేశాడు. అది రాత్రి తిరిగే పిట్ట. పగలు పొదల్లో నక్కి ఉండేదాన్ని పగలు వెతికితే ఏం దొరుకుతుంది? పాపం, పట్టుకున్న పిట్ట కొద్ది రోజులకే చచ్చిపోయింది. అది మాత్రం నాకు బాధనిపించింది.

దీని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు. తెలుగుగంగ కాలువను కూడా దారి మళ్ళించారు. తర్వాత వెతికినవాళ్ళు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక కాలిగుర్తులు చూసేవారు. మా ఊళ్ళో కూడా కాలిగుర్తు చూసి ఏ జంతువో చెప్తారు, దానికి పరీక్షలూ మార్కులూ లేవు.

మా నాయనమ్మను అడిగితే, "రాత్రి నేలమీద ఉరికే పిట్టలు శానా ఉన్నాయి, ఏదని చెప్పనే? బొమ్మ తెచ్చి చూపించు" అంది. ఆమెకు చదువు రాదు. డ్రాయింగ్ షీటు మీద బొమ్మ వేసి ఈ పత్రిక పక్కన అంటించాను. సంక్రాంతి సెలవులకు పోయేటప్పుడు మీరు కూడా దాన్ని చూసి వేసుకొని పోండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ పేరు చెప్తే ఆ పేరు, ఊరి పేరుతో సహా, వచ్చాక కింద రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని