రికార్డు మేలా, ఫోను మేలా?

ప్రశ్న: మా నాయన దాచుకున్న ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం ఎల్పీ రికార్డు ఇంట్లో ఉంది. ఫోన్‌లో కంటే రికార్డులోనే బాగుంటుందంటున్నారు. ప్లేయర్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, ఏర్పేడు

జవాబు: నాణ్యత కోసమైతే వద్దమ్మా. కొలతల్లో డిజిటల్‌దే పైచేయి. అతి మెల్లని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య 96 డెసిబెల్స్ తేడాను 16 బిట్ల సీడీ పట్టుకుంటుంది. ఎల్పీ 70 దాటడం కష్టం. పైగా చిటపటలు! మరి ఫోన్‌లో పేలవంగా ఉందంటే, బహుశా ఎవరో క్యాసెట్ నుంచి ఎక్కించి ఎంపీ3గా కుదించిన కాపీని వేలెడంత స్పీకర్‌లో వింటున్నారు. 1963 నాటి ఆ రికార్డింగు అధికారిక కాపీని మంచి హెడ్‌ఫోన్స్‌తో విని చూడండి. తీరిగ్గా కూర్చుని, ఇరవై నిమిషాలకోసారి రికార్డు తిరగేయడం సరదా అయితే అది వేరే సంగతి. అప్పుడు కొనుక్కోండి, కానీ సూట్‌కేసు ఆకారంలో వచ్చే చవక ప్లేయర్లు మాత్రం వద్దు. వాటి సూది బరువు గాడిని అరగదీస్తుంది.

నాయన రికార్డును ఒకసారి నాణ్యత పోకుండా కుదించే 24 బిట్ల ఫ్లాక్ ఫైలుగా మార్పించండి. ఆ పనికి ఫోనో ప్రీయాంప్ తప్పనిసరి. రికార్డు తయారీలో మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచుతారు. దాన్ని తిరిగి సరిచేసేది అదే. పెట్టెలో 78 వేగపు లక్క రికార్డులుంటే వాటికి ఎల్పీ సూది పెట్టనివ్వకండి. వాటి గాడి దాదాపు మూడింతల వెడల్పు.

ఇక మీ ఊరి మే నెల ఎండ! అటక మీద, రేకుల కింద రికార్డు వంగిపోతుంది. చల్లటి గదిలో, పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టండి.